ఎవరూ చదవని తొమ్మిది రిపోర్టులు: ఒక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు (పీఎంఓ) ఉద్యోగినికి జవాబు

ప్రశ్న:

నమస్తే అండీ. నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో తొమ్మిదేళ్లు టెస్టింగ్‌లో పనిచేశాను. ఆరు నెలల క్రితం పీఎంఓలోకి అనలిస్టుగా మారాను. అమెరికా, బ్రిటన్ క్లయింట్లకు చేస్తున్న 14 ప్రాజెక్టులను మా పీఎంఓ చూస్తుంది. వారానికి, నెలకి కలిపి 9 రకాల రిపోర్టులు తయారుచేస్తాను. గురువారం కూర్చుంటే శుక్రవారం రాత్రికి గానీ లేవను. ప్రాజెక్టు మేనేజర్లు సమాచారం టైముకి ఇవ్వరు. ఇచ్చినా అన్నీ గ్రీన్ (అంతా సవ్యంగా ఉంది) అనే ఇస్తారు. ఏమీ రానప్పుడు పోయిన వారం రాసిందే మళ్లీ పెట్టి పంపేస్తున్నాను. మొన్న గ్రీన్‌లో ఉన్న ప్రాజెక్టు ఒకటి గో-లైవ్‌కి (సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చే రోజుకి) రెండు వారాల ముందు ఒక్కసారిగా రెడ్ (ప్రమాదంలో ఉంది) అయింది. ‘పీఎంఓ ఏం చేస్తోంది?’ అని నన్నే అడిగారు. ఇప్పుడు మా మేనేజర్ పదో రిపోర్టు కూడా కావాలంటున్నారు. అసలు పీఎంఓ ఏయే రిపోర్టులు చూడాలి? ఏవి ఆపేయొచ్చు? పాత టీమ్ వాళ్లు ‘ఎక్సెల్ క్లర్కువైపోయావు’ అంటుంటే టెన్షన్‌గా ఉంది. మళ్లీ టెస్టింగ్‌కే వెళ్లిపోనా?

– పేరు రాయవద్దన్న పాఠకురాలు, గచ్చిబౌలి

జవాబు:

మీరు అడిగినవాటిలో చాలావాటికి కాస్త సమయం పడుతుంది. ఒకటి మాత్రం ఈ వారమే సరిదిద్దుకోవాలి. పోయిన వారం స్టేటస్‌నే మళ్లీ పెట్టి పంపడం ఆపేయండి. మేనేజర్లు ఫోనెత్తరు, సాయంత్రానికి మెయిల్ వెళ్లి తీరాలి, అందుకే అలా చేస్తున్నారని నాకు అర్థమవుతోంది. కానీ చదివేవాళ్లు అది ఈ వారం సంగతే అని నమ్ముతారు. రేపు తేడా వస్తే ‘మాకు గ్రీన్ అని చెప్పారు’ అంటారు, అందులో అబద్ధం కూడా ఉండదు. సమాచారం రాని ప్రాజెక్టుకి బూడిద రంగు పెట్టండి. పక్కన ‘ఈ వారం సమాచారం అందలేదు, చివరిసారి అందింది ఫలానా తేదీన’ అని రాయండి. బుధవారం సాయంత్రం గడువు అని అందరికీ ముందే చెప్పండి, మీ మేనేజర్ చేత కూడా ఒక మెయిల్ పెట్టించండి. బూడిద రంగు రెండు వారాలు వరసగా డైరెక్టర్ కంట పడితే మూడో వారం ఆ ప్రాజెక్టు మేనేజరే మీకు ఫోన్ చేస్తారు.

ఇక రకాల సంగతి. పీఎంఓ చూసే రిపోర్టుల పేర్లు చెప్పమంటే ఎవరైనా పదిహేను చెప్పేస్తారు, కంపెనీ మారితే ఆ పేర్లూ మారిపోతాయి. అది చదివి ఎవరు ఏం నిర్ణయించాలి అని అడగడం మొదలుపెడితే రకాలు వాటంతటవే విడిపోతాయి. నేను ఈ జవాబంతా ఆ ప్రశ్న మీదే నడుపుతాను.

బ్రిటన్ ప్రభుత్వం 1996లో తెచ్చిన ప్రిన్స్2 అనే ప్రాజెక్టు నిర్వహణ పద్ధతిలో ఈ విభజన చాలా స్పష్టంగా ఉంటుంది. టీమ్ మేనేజర్ ప్రాజెక్టు మేనేజర్‌కి ఇచ్చేది చెక్‌పాయింట్ రిపోర్టు. ప్రాజెక్టు మేనేజర్ తన పైనున్న ప్రాజెక్టు బోర్డుకి ఇచ్చేది హైలైట్ రిపోర్టు. ఒప్పుకున్న ఖర్చు, గడువుల హద్దు దాటేలా కనిపిస్తే, దాటకముందే పైకి పంపేది ఎక్సెప్షన్ రిపోర్టు. ఒక దశ ముగిసినప్పుడు ఒకటి, ప్రాజెక్టు ముగిసినప్పుడు ఒకటి. మీ కంపెనీలో ప్రిన్స్2 వాడకపోయినా పర్వాలేదు, మీ తొమ్మిదింటినీ ఈ గడుల్లో పెట్టి చూడండి. చాలావరకు చెక్‌పాయింట్ స్థాయి వివరాలే పేరు మార్చుకుని డైరెక్టర్ల దాకా వెళ్తున్నాయని నా అనుమానం. ఏ టాస్కు ఎంత శాతం అయిందో డైరెక్టర్‌కి అక్కర్లేదు. తాను కలగజేసుకోవాలా వద్దా అన్నదే ఆయనకి కావాలి. ఎక్సెప్షన్ రిపోర్టు అనే గడి మీ దగ్గర ఖాళీగా ఉండి ఉంటుంది. మొన్నటి ప్రాజెక్టు రెడ్ అయిందని అందరికీ చివర్లో తెలిసింది అందుకే.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది వారం వారం వెళ్లే స్టేటస్ రిపోర్టు, అందులోని రంగు. పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా ఉండే ప్రాజెక్టుని ఈ రంగంలో పుచ్చకాయ అంటారు. మీకు తగిలింది అదే. ఇది మీ ఒక్క ఆఫీసు జబ్బు అనుకోకండి. లండన్‌లో క్రాస్‌రైల్ అని భూగర్భ రైలు మార్గం కట్టారు, ఇప్పుడు ఎలిజబెత్ లైన్ అంటున్నారు. దాని మధ్య భాగం 2018 డిసెంబరులో తెరుస్తామని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. గట్టిగా మూడు నెలలున్నాయనగా, 2018 ఆగస్టు 31న, ఆ తేదీ అందుకోలేమని ప్రకటించారు. చివరికి తెరిచింది 2022 మే 24న. మధ్యలో 2019లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం పరిశీలించింది. పురోగతిని సరిచూసుకోవడానికి తగినంత వివరమైన ప్లాన్ ఆ సంస్థ దగ్గర లేదని రాసింది. అంత పేరున్న ఇంజినీర్లు, అంత డబ్బు, అన్ని కమిటీలు ఉన్నచోట కూడా తేదీ మీది పట్టుదల నిజాన్ని కప్పేసింది.

మీ ప్రాజెక్టు మేనేజర్లు అబద్ధాలకోరులని నేను అనను. చాలామంది వచ్చే వారానికి సర్దుకుంటుందని నిజంగానే నమ్ముతారు. అప్రైజల్ నెలలు దగ్గర పడితే రెడ్ అని రాయడానికి చెయ్యి రాదు, అది మనిషి స్వభావం. కాబట్టి రంగుని వాళ్ల ధైర్యానికి వదిలేయకండి. నియమం రాయించండి. ముఖ్యమైన మైల్‌స్టోన్ (పనిలో ఒక పెద్ద మెట్టు పూర్తయ్యే తేదీ) అంచనా వారం దాటి జరిగితే పసుపు, రెండు వారాలు దాటితే ఎరుపు. ఖర్చు అంచనా 5 శాతం మించితే పసుపు, 10 మించితే ఎరుపు. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ప్రాజెక్టులకి ఏవి సరిపోతాయో స్టీరింగ్ కమిటీ (ప్రాజెక్టుల మీద నిర్ణయాలు తీసుకునే పైవాళ్ల కమిటీ) తేల్చాలి, మినిట్స్‌లో ఎక్కాలి. రంగు లెక్కలోంచి వస్తుంది. మేనేజర్ దాన్ని మార్చాలంటే మార్చొచ్చు, కానీ కారణం ఒక వాక్యంలో రాసి పేరు పెట్టాలి. ఎరుపు అంటే ‘ఈ మేనేజర్ తప్పాడు’ అనే అర్థం పోయి, ‘పైవాళ్ల సాయం కావాలి’ అనే అర్థం రావాలి. అది మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేను చూసిన మంచి డైరెక్టర్లు ఎరుపు కనిపించగానే మొదట ‘నా నుంచి ఏం కావాలి?’ అని అడుగుతారు. మీ డైరెక్టర్ మొదటి ప్రశ్న ‘ఎవరి తప్పు?’ అయితే ఆ గదిలో మళ్లీ ఎరుపు కనపడదు. ఈ మాట మీ మేనేజర్‌తో విడిగా, మర్యాదగా చెప్పండి.

రంగు పక్కన రాసే నాలుగు వాక్యాల మీద కూడా శ్రద్ధ పెట్టాలి. ‘టెస్టింగ్ సాగుతోంది, క్లయింట్‌తో చర్చలు జరుగుతున్నాయి’ అని రాస్తే చదివినవాళ్లు ఏం చేయాలి? దాన్నే ఇలా రాయండి: ‘యూఏటీ (క్లయింట్ వైపు జరిగే ఆఖరి టెస్టింగ్) 8 రోజులు ఆలస్యం. క్లయింట్ నుంచి టెస్ట్ డేటా రావాలి. ఈ నెల 14లోపు రాకపోతే వచ్చే నెల గో-లైవ్ తప్పుతుంది. మా అకౌంట్ హెడ్ క్లయింట్ ఐటీ హెడ్‌తో ఈ వారం మాట్లాడాలి.’ ఇందులో ఏం జరిగింది, ఎందుకు, ఎప్పటిదాకా టైముంది, ఎవరు కదలాలి, అన్నీ ఉన్నాయి. ఇలాంటి నాలుగు వాక్యాలు ఉంటే ఇరవై స్లయిడ్ల డెక్ అక్కర్లేదు.

ఇక్కడే మీ తొమ్మిదేళ్ల టెస్టింగ్ పనికొస్తుంది. పీఎంఓలో చాలామందికి లేని కన్ను మీకుంది. ‘90 శాతం అయింది’ అనే మాట ఐదు వారాలుగా వింటుంటే మీరు ఆ శాతం వైపు చూడకండి, డిఫెక్టుల (టెస్టింగ్‌లో దొరికిన లోపాల) వైపు చూడండి. వారానికి కొత్తగా తెరుచుకుంటున్నవి ఎన్ని, మూసుకుంటున్నవి ఎన్ని, యూఏటీ దగ్గర పడుతుంటే తీవ్రమైనవి ఎన్ని మిగిలాయి, మూసినవాటిలో మళ్లీ తెరుచుకున్నవి ఎన్ని. తెరుచుకునే గీత ఇంకా పైకే పోతుంటే ఆ గ్రీన్‌ని నమ్మక్కర్లేదు. శాతాల విషయంలో ఒక పాత పద్ధతి ఉంది: పని మొదలైతే సున్నా, పూర్తయి ఒప్పుకున్నాకే వంద, మధ్యలో ఏ అంకే లేదు. పెద్ద పనుల్ని రెండు వారాలకు మించని ముక్కలు చేసి ఈ పద్ధతి పెడితే ‘90 శాతం’ అనే మాట దానంతటదే పోతుంది. స్క్రమ్ టీముల (చిన్న చిన్న విడతల్లో పనిచేసే టీముల) దగ్గర బర్న్-అప్ చార్టు (మొత్తం పనిలో ఎంత పూర్తయిందో చూపే గీత) చాలు. వెలాసిటీని (ఒక విడతలో టీము పూర్తిచేసిన పాయింట్లని) మాత్రం ఒక టీముకీ ఇంకో టీముకీ పోల్చి డాష్‌బోర్డులో పెట్టకండి. ఒక టీము స్టోరీ పాయింటు (పని ఎంత పెద్దదో ఆ టీము వేసుకునే అంచనా) ఇంకో టీము స్టోరీ పాయింటుకి సమానం కాదు. పోల్చడం మొదలుపెట్టిన మర్నాటి నుంచి పాయింట్లు పెరుగుతాయి, పని మాత్రం అంతే ఉంటుంది.

తేదీల గురించి ఇంకో మాట. మీ షెడ్యూల్ రిపోర్టులో ఎన్ని తేదీలు చూపిస్తున్నారు? చాలాచోట్ల రీబేస్‌లైన్ అయిన (ప్లాన్‌ని కొత్త తేదీలతో మళ్లీ ఆమోదించిన) మర్నాడు పాత తేదీ కనపడదు, ఆలస్యం సున్నా అయిపోతుంది. మన కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 150 కోట్ల రూపాయలు, అంతకు మించిన కేంద్ర ప్రాజెక్టుల మీద ప్రతి నెలా నివేదిక ఇస్తూ వచ్చింది. వాటిలో మొదట అనుకున్న తేదీ, మొదట అనుకున్న ఖర్చు ఉంటాయి, ఇప్పటి అంచనాలూ వాటి పక్కనే ఉంటాయి. ఎన్నిసార్లు సవరించినా మొదటి మాట చెరిగిపోదు. చదవడానికి విసుగ్గా ఉండే నివేదికలే, కానీ ఈ ఒక్క అలవాటు ప్రతి పీఎంఓ నేర్చుకోవాలి. మొదటి తేదీ, ఆమోదం పొందిన తాజా తేదీ, ఇప్పుడు నిజంగా అనుకుంటున్న తేదీ. మూడూ ఒకే వరసలో పెట్టండి.

మీ క్లయింట్లు అమెరికా, బ్రిటన్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూడాలి. అక్కడి బ్యాంకులు, రిటైల్ కంపెనీలు చాలావరకు నవంబరు చివరి నుంచి జనవరి మొదటి వారం దాకా ఛేంజ్ ఫ్రీజ్ (సిస్టమ్స్‌లో ఏ మార్పూ చేయకూడదన్న నిషేధం) పెడతాయి. నవంబరు 20న జరగాల్సిన గో-లైవ్ ఒక్క వారం జారితే అది ఒక్క వారంతో ఆగదు, జనవరికి వెళ్తుంది. జనవరి రెండో వారంలో ఇక్కడ సగం టీము సంక్రాంతికి రాజమండ్రి, భీమవరం బస్సుల్లో ఉంటుంది. అంటే ఫిబ్రవరి. మైల్‌స్టోన్ రిపోర్టులో ఫ్రీజ్ తేదీలు, మన పండగ సెలవులు గీతలు గీసి చూపించండి. సెప్టెంబరులోనే ఆ గీత చూసిన డైరెక్టర్ వేరే నిర్ణయం తీసుకుంటారు.

మైల్‌స్టోన్ రిపోర్టు ఎంత చిన్నదిగా ఉండొచ్చో చెప్పాలంటే ఢిల్లీ మెట్రో గుర్తొస్తుంది. అక్కడ మెట్రో నిర్మాణాన్ని నడిపిన ఇంజినీరు శ్రీధరన్ గారు పనులు జరిగేచోట్ల, ఆఫీసుల్లో గడువుకి ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే గడియారాలు పెట్టించారు. ఆయన ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడలోనే. మేస్త్రీ నుంచి చీఫ్ ఇంజినీర్ దాకా అందరూ చదివిన రిపోర్టు అది, అందులో ఉన్నది ఒక్క అంకె.

డబ్బు రిపోర్టుల దగ్గర కాస్త ఆగాలి. మీలాంటి అనలిస్టులు ఎక్కువగా భయపడేది, పట్టు సాధిస్తే ఎక్కువ గౌరవం తెచ్చేది ఇదే. బడ్జెట్ ఎంత, ఇప్పటికి ఎంత ఖర్చయింది అని రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు. కోటి రూపాయల ప్రాజెక్టు, పది నెలలు అనుకుందాం. ఐదు నెలలయ్యాయి. ప్లాన్ ప్రకారం ఈపాటికి 50 లక్షల విలువైన పని అయి ఉండాలి. నిజంగా పూర్తయిన పని విలువ 40 లక్షలు. దానికి పెట్టిన ఖర్చు 55 లక్షలు. ఖర్చు ఒక్కటే చూస్తే ‘ఐదు లక్షలు ఎక్కువ, సర్దుకోవచ్చు’ అనిపిస్తుంది. కానీ 40 లక్షల పనికి 55 లక్షలు పడితే, ఇదే తీరు సాగితే కోటి రూపాయల పనికి 1 కోటి 37 లక్షల 50 వేలు పడుతుంది. ఎర్న్‌డ్ వాల్యూ అంటే ఇంతే. అమెరికా రక్షణ శాఖ 1967లో తన కాంట్రాక్టర్లకు పెట్టిన నియమాలతో ఇది స్థిరపడింది. 14 ప్రాజెక్టులకూ పెట్టక్కర్లేదు. పెద్ద ఫిక్స్‌డ్ ప్రైస్ (ముందే ధర ఖాయం చేసుకున్న) ప్రాజెక్టులు రెండు మూడింటికి నెలకోసారి ఈ లెక్క వేసి చూడండి.

ఫిక్స్‌డ్ ప్రైస్ అని ప్రత్యేకంగా అనడానికి ఇంకో కారణం ఉంది. ఇండ్ ఏఎస్ (భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించే కంపెనీలకు 2018 ఏప్రిల్ 1 నుంచి 115వ ప్రమాణం వర్తిస్తోంది. దాని ప్రకారం షరతులు కుదిరిన కాంట్రాక్టుల్లో, పని సాగే కొద్దీ ఆదాయాన్ని పుస్తకాల్లో చూపిస్తారు. ఎంత సాగిందన్నది చాలాచోట్ల ఇప్పటిదాకా పట్టిన పనిగంటలు, ఇంకా పట్టే పనిగంటల అంచనా చూసి లెక్కగడతారు. ఆ అంచనా ప్రాజెక్టుల నుంచి, అంటే మీలాంటివాళ్ల చేతుల మీదుగా ఫైనాన్స్‌కి వెళ్తుంది. శుక్రవారం రాత్రి పోయిన వారం అంకె మళ్లీ పెట్టేస్తే అది కంపెనీ త్రైమాసిక లెక్కల దాకా పోవచ్చు. మీ అంకెలు ఫైనాన్స్ వాళ్లు ఎక్కడెక్కడ వాడుతున్నారో ఒకరోజు వాళ్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకోండి. టైమ్ అండ్ మెటీరియల్ (పనిచేసిన గంటలకి డబ్బు వచ్చే) ప్రాజెక్టుల్లో చూడాల్సింది వేరు: ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని బిల్లయ్యాయి, టైమ్‌షీట్ వేయక ఎన్ని పోయాయి. మైల్‌స్టోన్ బిల్లింగ్ ఉన్నచోట క్లయింట్ సైన్-ఆఫ్ ఎక్కడ ఆగిందో చూడాలి, ఎందుకంటే సంతకం లేకపోతే ఇన్‌వాయిస్ కదలదు.

మనుషుల రిపోర్టు గురించి క్లుప్తంగా. ఎవరు ఎంత శాతం బిజీగా ఉన్నారని గడచిన నెల లెక్క పంపడం దాదాపు అన్ని పీఎంఓలూ చేస్తాయి. దాన్ని చూసి పైవాళ్లు బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) ఉన్నవాళ్ల గురించి బాధపడతారు, అంతే. ముందుకి చూసేది ఇవ్వండి. మన ఐటీలో చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. బయటినుంచి ఒక మంచి ఆర్కిటెక్ట్‌ని తెచ్చుకోవాలంటే ఇవాళ ఆఫర్ ఇస్తే మూడు నెలలకి వస్తారు, వస్తే. కాబట్టి కెపాసిటీ రిపోర్టు కనీసం నాలుగు నెలల ముందుని చూపించాలి. ఏ నైపుణ్యం ఏ నెలలో ఎంతమందికి తక్కువ పడుతుంది అన్న ఒక్క పట్టిక చాలు.

రిస్కులు, ఇష్యూలు, ఛేంజ్ రిక్వెస్టులు, ఒక ప్రాజెక్టు ఇంకో ప్రాజెక్టు మీద ఆధారపడే పనులు, వీటికి రిజిస్టర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి. రిజిస్టరు వేరు, రిపోర్టు వేరు. 80 వరసల రిస్కు రిజిస్టరుని ఎవరికీ మెయిల్ చేయకండి. ఈ నెల పెరిగినవి, తేదీ దాటిపోయినా కదలనివి, పైవాళ్లు మాత్రమే తీర్చగలిగినవి, అంతవరకే తీసి చూపించండి. ప్రాజెక్టుల మధ్య డిపెండెన్సీలు మాత్రం మీరు తప్ప ఇంకెవరూ చూడరు. ఏ ప్రాజెక్టు మేనేజర్‌కైనా తన ప్రాజెక్టే కనిపిస్తుంది. 14 ప్రాజెక్టులకూ ఒకే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, ఒకే డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే) టీము ఉంటే అవి ఏ వారంలో ఢీకొంటాయో పీఎంఓ కుర్చీలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

నెలకోసారి స్టీరింగ్ కమిటీకి వెళ్లే డెక్ గురించి మీరు ఏమీ రాయలేదు, బహుశా అది మీ మేనేజర్ చూస్తున్నారేమో. అడిగి మీరు తీసుకోండి. దాని తయారీలో ఒక్క సూత్రం పెట్టుకోండి: మొదటి పేజీలో ఆ రోజు తీసుకోవలసిన నిర్ణయాలు. కేంద్ర ప్రభుత్వం 2015 మార్చి 25న ప్రగతి అనే వేదికను మొదలుపెట్టింది. ఆగిపోయిన ప్రాజెక్టుల మీద ప్రధాని, కేంద్ర కార్యదర్శులు, రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులు వీడియోలో ఒకేసారి కూర్చుంటారు. భూసేకరణ ఒకరి చేతిలో, అటవీ అనుమతి ఇంకొకరి చేతిలో ఉన్న పనికి ఎంత వివరమైన నివేదిక రాసినా ఫైలు కదలదు. ఆ ఇద్దరూ ఒకే సమయంలో ఎదురెదురుగా ఉంటే కదులుతుంది. మీ కమిటీ కూడా అంతే. ఏ అడ్డంకిని ఎవరు తీయగలరో చూసుకుని వాళ్లు ఆ మీటింగులో ఉండేలా చూడటం రిపోర్టింగ్‌లో భాగమే. తీసుకున్న నిర్ణయం, తేదీ, బాధ్యుల పేరు ఒక డెసిషన్ లాగ్‌లో రాయండి. ఆరు నెలల తర్వాత ‘అలా ఎప్పుడన్నాం?’ అనే ప్రశ్న వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

ప్రాజెక్టు వల్ల అనుకున్న లాభం వచ్చిందా లేదా అని తర్వాత చూసే బెనిఫిట్స్ రిపోర్టు సర్వీసెస్ కంపెనీల్లో తక్కువ. లాభం లెక్క క్లయింట్ దగ్గర ఉంటుంది. దానికోసం ఇప్పుడు తాపత్రయపడకండి. ఆడిట్‌కి కావలసినవి మాత్రం క్వాలిటీ టీముని అడిగి జాబితా తీసుకోండి.

ఇప్పుడు ఆపేయడం. కొందరు సలహా ఇస్తారు, ఎవరికీ చెప్పకుండా రిపోర్టు పంపడం మానేసి ఎవరైనా అడుగుతారేమో చూడమని. దయచేసి అలా చేయకండి. క్లయింట్ కాంట్రాక్టులో వారంవారం స్టేటస్, ఎస్ఎల్ఏ (ఒప్పుకున్న సేవా ప్రమాణాల) రిపోర్టు ఇవ్వాలని రాసి ఉండొచ్చు, ఆపితే ఒప్పందం తప్పినట్టవుతుంది. ముందు 14 కాంట్రాక్టుల్లోనూ రిపోర్టింగ్ క్లాజు చదవండి. రాసి ఉన్నవి ఉండాల్సిందే. మిగిలినవాటికి ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఇది ఎవరు అడిగారు, ఎవరు చదువుతున్నారు, పోయిన మూడు నెలల్లో దీన్ని చూసి ఏం నిర్ణయించారు, తయారీకి ఎన్ని గంటలు. మూడో గడి నింపడానికి చదివేవాళ్లనే వెళ్లి అడగండి. మెయిల్ పెడితే ‘అన్నీ అవసరమే’ అని జవాబు వస్తుంది. ఎదురుగా కూర్చుని ‘పోయినసారి దీంట్లో మీకు ఏది పనికొచ్చింది సార్?’ అని అడిగితే నిజం వస్తుంది. ఆ కాగితం మీ మేనేజర్ ముందు పెట్టండి. ఏవి ఆపాలో మీరు చెప్పక్కర్లేదు, మూడో గడి ఖాళీగా ఉన్నవి ఆయనకే కనిపిస్తాయి. రెండు నెలలు ఆపి చూద్దాం, ఇబ్బందైతే మళ్లీ మొదలుపెడదాం అని ఒప్పించండి. ఆపేసిన సంగతి అందరికీ మెయిల్‌లో చెప్పండి.

మిగిలిన వాటికి ఒకే మూలం ఉండాలి. ప్రాజెక్టు మేనేజర్ ఒకే చోట, ఒకేసారి నింపాలి. వారం స్టేటస్, నెల డాష్‌బోర్డు, స్టీరింగ్ డెక్, అన్నీ అక్కడినుంచే పుట్టాలి. ఒకే తేదీని ఒక మేనేజర్ మూడు షీట్లలో నింపాల్సి వస్తే ఆయన విసుక్కోవడంలో తప్పు లేదు. జీరా (పనులు, డిఫెక్టులు నమోదుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి డేటా తీసి పవర్ క్వెరీతో కలపడం, పవర్ బీఐలో చూపించడం నేర్చుకోండి. టెస్టింగ్‌లో ఎస్‌క్యూఎల్ రాసిన వాళ్లకి ఇది కష్టం కాదు. దానివల్ల మిగిలే గంటల్ని ప్రాజెక్టు మేనేజర్లతో మాట్లాడటానికి వాడండి. పావుగంట మాటల్లో బయటపడే సంగతులు ఏ టెంప్లేటులోనూ రావు.

పదో రిపోర్టు విషయంలో మీ మేనేజర్‌కి ‘కుదరదు’ అనకండి. ‘తప్పకుండా చేస్తాను సార్. ఇది ఎవరికి వెళ్తుంది, చూసి వాళ్లు ఏం చేస్తారో చెబితే దానికి తగ్గట్టు తయారుచేస్తాను’ అనండి. జవాబు ఉంటే, చాలాసార్లు ఉన్న రిపోర్టులోనే ఒక కాలమ్ కలిపితే సరిపోతుంది. జవాబు లేకపోతే ఆయనే ఆలోచిస్తారు. ఇంకో సంగతి కూడా స్పష్టం చేసుకోండి. పీఎంఓలు మూడు తీరులు: సలహా, టెంప్లేట్లు ఇచ్చి ఊరుకునేవి, నియమాలు పాటించమని పట్టుబట్టేవి, ప్రాజెక్టులను తామే నడిపేవి. మీది మొదటి రకం అయితే సమాచారం ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టే అధికారం మీకు లేదు, కానీ రెడ్ అయినప్పుడు నిలదీస్తున్నారు. అధికారం లేకుండా బాధ్యత మోయడం మీకు మంచిది కాదు. రంగు నియమాలు, బుధవారం గడువు, ఎక్సెప్షన్ రిపోర్టు, ఈ మూడింటికీ స్టీరింగ్ కమిటీ ఆమోదం ఉంటే మీరు రెండో రకానికి మారినట్టే.

మళ్లీ టెస్టింగ్‌కి వెళ్లిపోనా అని అడిగారు. టెస్టింగ్ మీద ఇష్టంతో వెళ్తే వెళ్లండి, క్లర్కువి అన్న మాటకి బాధపడి వెళ్లకండి. 14 ప్రాజెక్టుల డబ్బు, మనుషులు, తేదీలు ఒకేసారి చూసే అవకాశం టెస్ట్ లీడ్‌కి రాదు, చాలామంది ప్రాజెక్టు మేనేజర్లకీ రాదు. ఇక్కడినుంచి పీఎంఓ లీడ్, ప్రోగ్రామ్ మేనేజర్ దారులున్నాయి. పీఎంపీ (ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్) పరీక్షకి డిగ్రీ ఉన్నవాళ్లయితే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. టెస్ట్ లీడ్‌గా మీరు నడిపిన పనుల్లో కొన్ని ఆ లెక్కలోకి రావచ్చు, తేదీలతో సహా ఇప్పుడే రాసి పెట్టుకోండి. అనుభవం చాలదనిపిస్తే ముందు దానికన్నా కింది మెట్టు పరీక్ష సీఏపీఎం రాయొచ్చు. బ్రిటన్ క్లయింట్ల వైపు వెళ్లే ఆలోచన ఉంటే ప్రిన్స్2 ఎక్కువ పనికొస్తుంది. కానీ పరీక్షల ఫీజు కట్టేముందు బూడిద రంగు, రంగు నియమాలు, నాలుగు గడుల కాగితం, ఈ మూడూ చేయండి. ఒక క్వార్టర్ గడిచాక మీ డైరెక్టర్ మీటింగులో ఏ రిపోర్టు తెరిచి చూస్తున్నారో గమనించి మళ్లీ రాయండి. అప్పుడు ఎక్సెప్షన్ రిపోర్టు నమూనా ఒకటి మీ ప్రాజెక్టులకి సరిపోయేలా కలిసి తయారుచేద్దాం.